ఈ పాత రేవు బొమ్మ ఏ ఊరిదో ఎవరైనా చెప్పగలరా? (మధ్యధరా సముద్రం వైపుదే అనుకుంటున్నా)

రవి_కొలోన్
అందరికీ నమస్కారం. ఇక్కడ కొలోన్‌లో పాత సామాన్ల సంతలో ఫ్రేమ్ కట్టిన ఒక ప్రింట్ కొన్నాను. అమ్మినాయన "ఇటలీ, సముద్రం" అన్నాడు, అంతకుమించి ఆయనకీ తెలీదు. మూడు ఫొటోలు పెట్టాను చూడండి. ఓడరేవు బొమ్మ, ముందు తెడ్ల ఓడ ఒకటి, పెద్ద తెరచాప ఓడలు రెండు, వెనకాల కొండ మీదికి మెట్లు మెట్లుగా ఎక్కిన ఊరు. కుడి చివర నీళ్ల పక్కనే ఒక రాతి గుట్ట, దాని మీద బాగా ఎత్తైన బురుజు. ఎడమ పక్క సముద్రంలోకి పొడుచుకొచ్చిన గట్టు. రంగులు చేత్తో వేసినట్టున్నాయి, ఆకాశం మరీ ఇంకు నీలం. పైన ఏదో పేరు రాసి ఉంది కానీ అక్షరాలన్నీ తిరగేసి ఉన్నాయి, మధ్యలో నీళ్ల మరక పడి సగం పోయింది. ప్రింట్ చేసేటప్పుడు తప్పు జరిగిందా లేక ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసిన నకలా? ఊరి పేరు తెలిస్తే చాలు, గోడకి తగిలించుకుని వచ్చినవాళ్లకి చెప్పుకుంటాను.

నాణేల_నాని
జెండా జూమ్ చేశాను. తెలుపు మీద ఎర్ర శిలువ. మాల్టా అనుకుంటా. మాల్టాని ఏలిన క్రైస్తవ యోధులు నైట్స్ ఆఫ్ మాల్టా, తెడ్ల ఓడలు, అన్నీ సరిపోతున్నాయి.

పాతకాగితాలు
నాని గారూ, మాల్టా వాళ్ల జెండా దానికి తిరగవేత, ఎరుపు మీద తెల్ల శిలువ. అయినా చేత్తో రంగులు వేసిన ప్రింట్లలో జెండాని పట్టుకుని ఊరు తేల్చడం మహా ప్రమాదం. అచ్చయ్యేది నల్ల గీతలే. రంగులు తర్వాత దుకాణంలో కూర్చోబెట్టిన కూలివాళ్లు, చాలాసార్లు ఆడవాళ్లు, పిల్లలు, గబగబా పూసేసేవాళ్లు. ఆ రోజు చేతిలో ఏ గిన్నె ఉంటే ఆ రంగు. ఒకే ప్రింట్ రెండు కాపీల్లో ఒకదాంట్లో జెండా ఎరుపు, ఇంకోదాంట్లో నీలం ఉన్నవి నేనే చూశాను. గీతగా చెక్కిన శిలువ ఉంటే అది పనికొస్తుంది, పూసిన రంగు కాదు.

రవి గారూ, అక్షరాలు తిరగేసి ఉండటం తప్పు కాదు, నకలు అసలే కాదు. ఇది 18వ శతాబ్దంలో యూరప్ అంతా తెగ అమ్ముడైన ఒక సరుకు. ఫ్రెంచ్‌లో "వ్యూ దాప్టిక్" అంటారు. పెద్ద భూతద్దం, దాని వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉన్న స్టాండ్ ఉండేది, జోగ్రాస్కోప్ అని పేరు. ప్రింట్‌ని బల్ల మీద పడుకోబెట్టి, అద్దంలో పడ్డ బొమ్మని భూతద్దం గుండా చూస్తే వీధులు, ఓడలు లోతుగా, నిజంగా ఎదురుగా ఉన్నట్టు కనపడేవి. అద్దంలో చదవడానికి వీలుగా పై పేరు తిరగేసి అచ్చయ్యేలా చెక్కేవాళ్లు. ఊళ్లు తిరిగి డబ్బులకి చూపించేవాళ్లూ ఉండేవాళ్లు, మన తిరునాళ్లలో బయాస్కోప్ పెట్టె వాళ్లలాగే. పారిస్, లండన్, జర్మనీలో ఔగ్స్‌బర్గ్, ఇటలీలో బస్సానో ఊళ్లు వీటికి పెద్ద కేంద్రాలు.

కొలతలు చెప్పండి. బొమ్మ చుట్టూ అచ్చు రేకు నొక్కుకుని కాగితంలో పడ్డ గాడి ఉందా? భూతద్దంతో చూస్తే చుక్కలా, గీతలా?

రవి_కొలోన్
వామ్మో, ఇంత కథ ఉందా! ఫ్రేమ్ లోపల అట్ట అడ్డంగా ఉంది కాబట్టి పూర్తి కొలత తెలీట్లేదు, కనపడేంతవరకు 40 సెంటీమీటర్ల వెడల్పు, 25 ఎత్తు దాకా ఉంది. మొబైల్ కెమెరాకి లెన్స్ పెట్టి చూశాను, చుక్కలు లేవు, అన్నీ గీతలే. పై పేరుని ఫోన్‌లో తిప్పి చూస్తే ఫ్రెంచ్‌లో "ఫలానా ఊరి రేవు దృశ్యం" అన్నంతవరకు వచ్చింది, ఊరి పేరు దగ్గరే మరక. చివరి మూడు అక్షరాలు మాత్రం కనపడుతున్నాయి: ఎన్, ఈ, ఎస్.

పాతకాగితాలు
చుక్కలు లేవంటే సంతోషం. తర్వాతి కాలపు ఫొటో ముద్రణ అయితే వరసగా చుక్కల జల్లెడ కనపడేది. కొలత కూడా వీటికి మామూలుగా ఉండే కొలతే.

మొండిఘటం
ఎన్ఈఎస్ అంటే కాన్స్. ఫిల్మ్ ఫెస్టివల్ ఊరు. అయిపోయింది, టాపిక్ క్లోజ్ చేయండి.

చిత్రలేఖ
@మొండిఘటం, 18వ శతాబ్దంలో కాన్స్ అంటే జాలరి పల్లె అండీ. 1834లో లార్డ్ బ్రూమ్ అనే బ్రిటిష్ పెద్దమనిషి అక్కడ ఆగి, ఊరు నచ్చి ఇల్లు కట్టుకున్నాకే దాని దశ తిరిగింది. ఇంత ఊరు, ఇన్ని గోపురాలు అక్కడ ఎక్కడివి? ఫ్రెంచ్‌లో ఆ మూడక్షరాలతో ముగిసే రేవులు ఇంకా ఉన్నాయి. ఏథెన్స్‌ని వాళ్లు "ఆథెన్", ఇటలీలోని జెనోవాని "జెన్" అంటారు, రెండింటి స్పెల్లింగూ అలాగే ముగుస్తుంది. ఆథెన్ అయితే కొండ మీద పార్థినాన్ గుడి లేకుండా ఏ చిత్రకారుడూ వదలడు. అసలు ఆ నగరం ఒడ్డున లేదు, దాని రేవు పిరేయస్ విడిగా ఉంటుంది.

నా ఓటు జెనోవాకి. జెనోవా రిపబ్లిక్ జెండా కూడా తెలుపు మీద ఎర్ర శిలువే. కానీ ఒక ఇబ్బంది ఉంది, అది రాత్రికి రాస్తాను, క్లాస్ ఉంది.

సీమెన్_వైజాగ్
ఆ ఇబ్బంది నేను చెప్తా మేడమ్. మర్చంట్ నేవీలో ఉండగా జెనోవా చాలాసార్లు వెళ్లాను. ఫొటోలో ఆ బురుజు చూడగానే గుర్తుపట్టాను, అది లాంతెర్నా, అక్కడి లైట్‌హౌస్. చతురస్రంగా ఒక పెద్ద స్తంభం, దాని మీద చుట్టూ నడవడానికి చపటా, మళ్లీ దాని మీద కాస్త సన్నటి ఇంకో చతురస్ర స్తంభం, పైన దీపం. ఒకసారి చూస్తే మర్చిపోయే ఆకారం కాదు. ఇప్పుడున్న రూపం 1543 నాటిది, సుమారు 76 మీటర్ల ఎత్తు, గుట్ట ఎత్తు కూడా కలుపుకుంటే సముద్రం నుంచి ఇంకా చాలా పైకి. రాత్రిపూట ఇరవై సెకన్లకోసారి రెండు మెరుపులు, మాకు చార్ట్‌లో అదే గుర్తు. కొలంబస్ వాళ్ల చిన్నాన్నో పెదనాన్నో, ఆంటోనియో కొలంబో, 1449లో ఆ దీపానికి కాపలాదారుగా పనిచేశాడని రికార్డుల్లో ఉంది.

సమస్య ఏంటంటే సముద్రంలోంచి లోపలికొచ్చే ఓడకి లాంతెర్నా ఎడమ చేతి వైపు, అంటే పడమటి వైపు ఉంటుంది. పాత ఊరు, పాత గట్టు కుడివైపు. ఈ బొమ్మలో బురుజు కుడి చివరన ఉంది! కొండ వైపు నుంచి చూస్తే కుడికి వస్తుంది నిజమే, కానీ అప్పుడు ఊరు ముందుండాలి, సముద్రం వెనకుండాలి. ఇక్కడ ఊరి వెనక కొండలున్నాయి. కాబట్టి లెక్క కుదరట్లేదు.

నాణేల_నాని
మరి ఇటలీలోనే ఉన్న లివోర్నో రేవు? అక్కడా పాత లైట్‌హౌస్ ఒకటి ఉందిగా, ఒకదాని మీద ఒకటి.

సీమెన్_వైజాగ్
అవి గుండ్రటి బురుజులు తమ్ముడూ, చతురస్రం కాదు. పీసా వాళ్లు 1300ల మొదట్లో కట్టారు. 1944లో జర్మన్ సైన్యం పోతూ పోతూ పేల్చేసింది, ఇప్పుడున్నది 1956లో మళ్లీ కట్టింది. పైగా లివోర్నో చుట్టూ నేల చదును, ఊరి వెనకే ఇలా గోడలా లేచే కొండలుండవు.

మొండిఘటం
అయితే నేపుల్స్. కొండ మీద కోట ఉంది చూడండి, అది సాంటెల్మో కోట. రేవు గట్టు మీద నేపుల్స్‌లో కూడా లైట్‌హౌస్ ఉండేది.

చిత్రలేఖ
నేపుల్స్ బొమ్మ వేసి వెసూవియస్ వేయని చిత్రకారుడిని ఒక్కణ్ని చూపించండి! కొనేవాళ్లకి కావాల్సిందే ఆ అగ్నిపర్వతం. అది అసలు ఆ కోణంలో కనపడకపోయినా జరిపి మరీ వేసేవాళ్లు. ఇక్కడ పొగ లేదు, జంట శిఖరం లేదు. సరే, పేరు చివర ఆ మూడు అక్షరాలు నేపుల్స్‌కి ఫ్రెంచ్‌లో రావు కూడా.

ఇక నేను ఆపిన విషయం సీమెన్ గారు చెప్పేశారు. రవి గారూ, ఒక చిన్న పని చేయండి. ముందు గట్టు మీద టోపీ పెట్టుకుని చేయి చాపి చూపిస్తున్న దొర ఒకాయన ఉన్నాడు కదా. ఆయన నడుముకి కత్తి ఉంది. అది ఏ పక్కన వేలాడుతోంది? ఆయన కుడి పక్కా, ఎడమ పక్కా? దగ్గరగా ఫొటో తీసి పెట్టండి.

రవి_కొలోన్
తీశాను, పెట్టాను. ఆయన వీపు మనవైపు ఉంది. కత్తి ఆయన కుడి నడుముకి ఉంది. వెనక నిలబడ్డ ఇంకొకాయనకి కూడా కుడివైపే. ఎందుకడిగారు?

చిత్రలేఖ
అదే కావాలి. కుడిచేతి వాటం వాళ్లు కత్తి ఎడమ నడుముకి కట్టుకుంటారు, దూయడానికి వీలుగా. ఒకాయన ఎడమచేతి వాటం అనుకోవచ్చు, ఉన్న ఇద్దరూ అంటే నమ్మలేం. మొత్తం బొమ్మే తిరగబడింది.

ఇలా జరగడం చాలా మామూలు. రాగి రేకు మీద ఎడమ పక్క చెక్కింది కాగితం మీద కుడి పక్కకి వస్తుంది. ఓపికున్న చెక్కేవాడు ముందే అద్దంలో చూసుకుంటూ తిప్పి చెక్కుతాడు. ఇంకొకళ్ల ప్రింట్‌ని ముందు పెట్టుకుని చకచకా నకలు చెక్కేవాడికి ఆ తీరిక ఎక్కడిది, ఉన్నదున్నట్టు గీకేస్తాడు, అచ్చులో అంతా తారుమారు. పైగా వ్యూ దాప్టిక్‌కి అదే కలిసొస్తుంది, చూసేది ఎలాగూ అద్దంలోనే కదా, అక్కడ మళ్లీ సరిగ్గా కనపడుతుంది. పై పేరు తిరగేసి ఉన్నప్పుడు బొమ్మ కూడా తిరగబడిందేమోనని ముందే చూసుకోవాలి. రవి గారు ఫోన్‌లో పేరుని మాత్రమే తిప్పారు, మొత్తం బొమ్మని తిప్పి పెట్టండి, సీమెన్ గారు చూస్తారు.

సీమెన్_వైజాగ్
నేనే తిప్పి చూశాను, ఆగలేకపోయా. ఇప్పుడు దారిన పడింది! ఎడమ చివర లాంతెర్నా, మధ్యలో రేవు వంపు తిరిగిన ఊరు, కుడివైపు మోలో వెక్యో, అంటే పాత గట్టు. రేవులోకి దారి చూపే పైలట్ ఓడ ఎక్కేటప్పుడు డెక్ మీద నిలబడితే కనపడే వరస ఇదే. ఇప్పుడు లాంతెర్నా చుట్టూ కంటైనర్లు, క్రేన్లు, దాని కాళ్ల దగ్గర సముద్రమే లేదు, నింపేశారు. బొమ్మలో ఆ గుట్ట నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చి ఉంది, పాతకాలంలో అలాగే ఉండేదట.

మొండిఘటం
తిప్పితే ఏదైనా దేనికైనా సరిపోతుంది సార్. సిసిలీలో మెసీనా తిప్పండి, ఫ్రాన్స్‌లో మార్సెయ్ తిప్పండి, అన్నీ సరిపోతాయి. మీరు ముందే జెనోవా అనుకుని చూస్తున్నారు.

పాతకాగితాలు
మంచి మాటే అన్నారు, కాబట్టి అవి కూడా తిప్పి చూద్దాం. మార్సెయ్ పాత రేవు నోరు చాలా ఇరుకు, ఇటో కోట అటో కోట, సాఁ-జాఁ, సాఁ-నికొలా. తిప్పినా రెండు కోటలు ఉండాల్సిందే, ఇక్కడ లేవు. మెసీనా రేవు కొడవలి ఆకారంలో ఉంటుంది, ఒడ్డు పొడవునా "పలాజ్జాతా" అని ఒకే గోడలాంటి మేడల వరస, 1622 నుంచి కట్టారు. 1783 భూకంపంలో అది నాశనమయ్యేదాకా మెసీనా బొమ్మ అంటే ఆ మేడల వరసే. ఇక్కడ అదీ లేదు.

ఇప్పుడు తిప్పిన బొమ్మలో కొండల మీదికి చూడండి. ఊరికి రెండు పక్కల నుంచీ సన్నటి గీత ఒకటి కొండ అంచు వెంబడి పైకి ఎక్కుతూ, పైన ఒకచోట కలుస్తోంది. మీరు సాంటెల్మో అన్న కోట ఆ కలిసే చోట ఉంది. ఆ గీత గోడ. జెనోవా వాళ్లు 1630ల నాటికి కట్టిన "కొత్త గోడలు", ఊరి వెనక కొండల్ని త్రికోణంలా చుట్టుకుని శిఖరం దగ్గర కలుస్తాయి. చతురస్రాల జంట బురుజు, త్రికోణపు గోడ, పాత గట్టు, మూడూ ఒకే వరసలో ఉన్న రేవు మధ్యధరాలో ఇంకోటి నాకు కనపడలేదు. గోడ ఉంది కాబట్టి ఈ దృశ్యానికి మూలమైన బొమ్మ 1630ల తర్వాతదే అని కూడా తేలిపోయింది.

శ్రీవల్లి_మిలాన్
ఆలస్యంగా వచ్చాను. మిలాన్ నుంచి జెనోవాకి రైల్లో రెండు గంటల లోపే, పిల్లల్ని అక్వేరియంకి తీసుకెళ్లినప్పుడల్లా ఆ రేవు చూస్తుంటాం. పక్కనే గలాతా అనే సముద్ర మ్యూజియం ఉంది, అందులో క్రిస్టోఫొరో గ్రాస్సీ 1597లో వేసిన జెనోవా పెద్ద పెయింటింగ్ ఉంటుంది, 1481 నాటి బొమ్మకి నకలు. సముద్రంలోంచి చూసినట్టే ఉంటుంది, నౌకలతో నిండిపోయి. రవి బ్రదర్ ఫొటోతో పోల్చి చూస్తే గట్టు, బురుజుల స్థానాలు తిప్పాక అలాగే ఉన్నాయి. కొండ మీద గోడ మాత్రం అందులో ఇలా లేదు, ఉండకూడదు కూడా, అప్పటికి కట్టలేదుగా.

ఒక డౌట్. ముందున్న తెడ్ల ఓడని బట్టి ఏడాది చెప్పలేమా? ఆ ఓడలు ఎప్పుడో పోయాయి కదా.

పాతకాగితాలు
చెప్పలేం శ్రీవల్లి గారూ. ఫ్రాన్స్ 1748లో తన తెడ్ల ఓడల దళాన్ని ఎత్తేసింది, జెనోవా లాంటి ఇటలీ రాజ్యాలు ఇంకా వాడుతూనే ఉన్నాయి. వాళ్లు వాడినా మానేసినా చెక్కేవాడికి పట్టదు. ముందు భాగంలో ఓడలు, మూటలు మోసేవాళ్లు, తలపాగా వర్తకులు, ఇవన్నీ దుకాణంలో రెడీగా ఉన్న అలంకారం, ఏ రేవుకైనా అతికిస్తారు. పేర్లని కూడా గుడ్డిగా నమ్మలేం. ఔగ్స్‌బర్గ్‌లో హాబర్‌మాన్ అనే ఆయన అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో న్యూయార్క్, బోస్టన్ బొమ్మలు చెక్కి అమ్మాడు, అందులో చూస్తే శుభ్రంగా జర్మన్ ఊళ్ల మేడలు! కొన్నవాళ్లెవరూ న్యూయార్క్ వెళ్లలేదు కాబట్టి నడిచిపోయింది. అందుకే ముందు కొండలు, గోడలు, బురుజులు చూడాలి, పేరు చివర్లో.

నిజంగా ఊరికి వెళ్లి కూర్చుని వేసిన రేవు బొమ్మలు కావాలంటే జోసెఫ్ వెర్నే ఉన్నాడు. పదిహేనో లూయీ ప్రభుత్వం 1753లో ఫ్రాన్స్ రేవులన్నీ వేయమని పని అప్పజెప్పింది. 24 అనుకున్నారు, 1765 దాకా తిరిగి 15 వేశాడు. మార్సెయ్, తూలోన్, ఆంటీబ్, సెత్, బందోల్ దగ్గర ట్యూనా చేపల వేట, అన్నీ అందులో ఉన్నాయి. కొషాఁ, ల బా అనే ఇద్దరు వాటిని రాగి రేకుల మీద చెక్కారు. అవి వేరే క్లాసు, ధర కూడా వేరే.

రవి_కొలోన్
ఫ్రేమ్ విప్పొచ్చా? కింద అట్ట వెనక ఇంకా ఏదో రాసి ఉన్నట్టు నీడ కనపడుతోంది. టెన్షన్‌గా ఉంది, చింపేస్తానేమో.

పాతకాగితాలు
వెనక మేకులు మెల్లగా లేపండి. ప్రింట్ అట్టకి టేపుతో అతికి ఉంటే లాగకండి, తడి గుడ్డ అసలే వద్దు, ఆ రంగులు నీళ్లకి కారిపోతాయి. అక్కడితో ఆపి ఫొటో పెట్టండి. ఊరికే ఆనించి ఉంటే రెండు చేతులతో పట్టుకుని తీయొచ్చు. తీశాక వెలుతురుకి ఎదురుగా పట్టుకుని కాగితం చూడండి.

రవి_కొలోన్
విప్పాను! అతికించలేదు, పై రెండు మూలల్లో చిన్న కాగితం కీళ్లు మాత్రమే ఉన్నాయి. వెలుతురుకి పెడితే కాగితంలో నిలువు గీతలు, రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఒక్కోటి, వాటికి అడ్డంగా సన్నగా బోలెడు. చుట్టూ గాడి ఉంది. కింద వరసలో "పారీ, షే బాసే, రూ సాఁ-జాక్" అని ఉంది. ఇది తిరగేసి లేదు. కుడి మూల "ఏ.పి.డి.ఆర్." అని నాలుగు అక్షరాలు.

ఇంకోటి. టార్చ్ వెనక పెట్టాను ఊరికే. లైట్‌హౌస్ పైన దీపం ఉండే చోట చిన్న కంత, ఓడల కిటికీల్లో కూడా సూదితో గుచ్చినట్టు వరసగా కంతలు! వెనక పసుపు రంగు పల్చటి కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. లైటు ఆపితే ఏమీ కనపడదు, వేస్తే దీపాలు వెలిగినట్టే ఉంది. మా ఆవిడ కూడా లేచి వచ్చి చూసింది.

నాణేల_నాని
ఏపీ డీఆర్ అంటే మా నాన్నగారి పెన్షన్‌లో కలిసేదే అనుకున్నా ఒక్క క్షణం.

పాతకాగితాలు
నాని గారూ :) ఆ డీఆర్ కన్నా ఇది త్వరగా వచ్చింది. అది ఫ్రెంచ్‌లో "రాజుగారి అనుమతితో" అని, మన కాపీరైట్ లాంటిది. అది చెక్కారంటే రేకు ఫ్రెంచ్ విప్లవానికి ముందు తయారైందని అర్థం. అచ్చు ఎప్పుడు వేశారన్నది వేరే సంగతి, రేకు అరిగేదాకా వేస్తూనే ఉండేవాళ్లు. బాసే పారిస్‌లో సాఁ-జాక్ వీధి దుకాణదారు. ప్రింట్లు అమ్మే వీధే అది, షెరో, మొందార్ దుకాణాలు కూడా అక్కడే. కాగితంలో మీరు చెప్పిన గీతలు తీగల అచ్చులో చేత్తో ఎత్తిన కాగితానివి. అన్నీ కలిపితే 18వ శతాబ్దం రెండో సగం, అంతకన్నా కచ్చితంగా ఏడాది చెప్పేవాళ్లుంటే జేబు జాగ్రత్త.

కంతలు పురుగు తిన్నవి కావు. పగలు ముందు నుంచి వెలుతురు, తర్వాత వెనక నుంచి దీపం పెట్టి "రాత్రి" చూపించడానికి అప్పటి ఎవరో చేసుకున్న ఏర్పాటు. కొందరు సేకర్తలు దాన్ని లోపం అంటారు, నేనైతే దాని కోసమే కొంటాను. ఆ పసుపు కాగితాల్ని శుభ్రం చేయించొద్దు, కొత్తవి వేయించొద్దు.

మొండిఘటం
సరే జెనోవా ఒప్పుకుంటున్నా, కానీ జెండా రంగు వల్ల కాదు, గోడ వల్ల. ధర ఎంతుంటుంది? లక్షలా?

పాతకాగితాలు
లక్షలు కాదు. ఇవి వేలకొద్దీ అచ్చయ్యాయి, మామూలు కాపీలు యూరప్‌లో కొన్ని పదుల యూరోల నుంచి వంద, రెండు వందల మధ్య దొరుకుతాయి. మరక ఉంది కాబట్టి తగ్గుతుంది, కంతల వల్ల ఇష్టపడేవాడు దొరికితే పెరుగుతుంది. రవి గారూ, మళ్లీ ఫ్రేమ్ కట్టించేటప్పుడు పాత అట్ట పారేయండి, ఆమ్లం లేని అట్ట అడగండి, పై పేరు, కింది వరస కనపడేలా కిటికీ పెద్దగా కోయించండి. ఎండ పడే గోడకి వద్దు.

సీమెన్_వైజాగ్
అద్దం ఎదురుగా ఉన్న గోడకి తగిలించు బాబూ, అప్పుడు జెనోవా సరిగ్గా కనపడుతుంది, పేరు కూడా చదవొచ్చు.

నాణేల_నాని
మా మామయ్య దగ్గర ఇలాంటిదే ఒకటి ఉంది, పైన తిరగేసి "స్మిర్న్" అని పూర్తిగా కనపడుతోంది, కానీ కొండ మీద ఏదో చర్చి గోపురంలా ఉంది, మినార్లు ఒక్కటీ లేవు. ఫొటో పెట్టమంటారా?

చిత్రలేఖ
స్మిర్న్ అంటే ఇజ్మీర్, టర్కీ. మినార్లు లేకుండా ఇజ్మీరా? వెంటనే పెట్టండి నాని గారూ, కొత్త టాపిక్‌గా. కొండ భాగం దగ్గరగా తీయండి, కత్తులున్న మనుషులుంటే వాళ్లని కూడా.